గోడ మందం

"మా ఆవిడ పంపింగు అరవై ఎనిమిదండీ," అంటున్నాడు భర్త, కొట్టు ముందు నిలబడ్డ మనిషితో.

పిల్లాడి మార్కులు చెప్పుకునే తండ్రి గొంతులా ఉంది అది. వెనకగదిలో నేల మీద కూర్చుని, ఒళ్ళో మోటారు లోపలి బరువైన ఇనుప చట్రం, స్టేటరు, పెట్టుకుని, దాని గాళ్ళలోకి రాగితీగ చుట్టలు ఒక్కొక్కటే దూరుస్తున్న ఆమెకి నవ్వొచ్చింది. ఈమధ్య నవ్వినా ఆయాసమే వస్తోంది కనక ఆ నవ్వును సగంలోనే ఆపుకుంది.

"మంచి కంపెనీ పంపు తెచ్చి కొలిచి చూడండి, అరవై దాటితే నన్నడగండి. ఈ వయసులో అరవై ఎనిమిదంటే మాటలా? డాక్టరు రాసిచ్చింది. ఊరికే ఆయాసం ఆయాసమని మమ్మల్ని కంగారు పెట్టేసింది గానీ."

"అదృష్టవంతులు," అన్నాడు వచ్చినాయన. ఎవరు అదృష్టవంతులో చెప్పలేదు.

కాలిపోయిన మోటార్లకి పాత తీగ పీకేసి కొత్తది చుట్టిచ్చే కొట్టు అది. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య గోడలో చెక్కతలుపులున్న చిన్న కిటికీ. కాలిన మోటారు ఆ కిటికీలోంచే లోపలికి వస్తుంది, చుట్టిన మోటారు అందులోంచే బయటికి వెళ్తుంది. మధ్యలో ఏం జరుగుతుందన్నది బయటివాళ్ళకి అక్కర్లేని సంగతి. "మీ చేతి వైండింగు పడిందంటే ఇంక ఆ మోటారు వంక చూసుకోనక్కర్లేదండీ," అంటారు ఆయనతో. ఆయన అవుననడు, కాదనడు. తుడుచుకుంటున్న చేతుల్ని ఇంకాస్త శ్రద్ధగా తుడుచుకుంటాడు.

ఆ పని ఆమెకి నేర్పింది ఆయనే, అది నిజం. పెళ్ళైన కొత్తలో ఒకరోజు, ఆయన లావాటి వేళ్ళు గాళ్ళలో పట్టక విసుక్కుంటుంటే, ఆమె పక్కన చేరి రెండు చుట్టలు దూర్చిపెట్టింది. "నీ వేళ్ళు ఈ పనికోసమే పుట్టాయే," అన్నాడాయన. ఆ మాటకి ఆమె రెండ్రోజులు మురిసిపోయింది. ఆయన ఆమెని మునగచెట్టేమీ ఎక్కించలేదు, నిజంగానే ఆమె వేళ్ళు సన్నం. కానీ మెచ్చుకోలుగా మొదలైంది సాయమైంది, సాయం కాస్తా అలవాటైంది, అలవాటు చివరికి "ఇదొక్కటి చుట్టేసి వంట చూసుకో" దగ్గర స్థిరపడింది. పిల్లలు పుట్టారు, పెరిగారు, ఎవరి ఉద్యోగాల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. కిటికీ మాత్రం మూతపడలేదు.

అలా అని ఆమెకి కృతజ్ఞత లేదనుకునేరు. కృతజ్ఞత విషయంలో ఆమెకి పాఠాలు చెప్పనివాళ్ళు లేరు. "తాగడు, తిరగడు, ఇంకేం కావాలే నీకు," అనేది కన్నతల్లి. "మీ మావగారు చెయ్యి చేసుకునేవారు, నీకా భయమే లేదు. పెట్టి పుట్టావు," అనేది అత్తగారు. "మా అన్నయ్య కాబట్టి నీకు ఒక విద్య నేర్పాడు," అనేది ఆడపడుచు, ఆ విద్యకి జీతం ఎంతో ఏనాడూ అడక్కుండానే. వాళ్ళందరి మాటా ఆమె విన్నది. భర్త తాగనందుకు, కొట్టనందుకు, పదిమందిలో అరవనందుకు మనసులో దండం పెట్టుకుంటూనే వచ్చింది. లేనివాటికి కృతజ్ఞత చెప్పుకోవడం ఆమెకి బాగా చేతనవును. ఉన్నదానికి కూడా ఎవరికో ఒకరికి చెప్పాల్సి ఉందేమోనని మొదటిసారి తోచింది మాత్రం ఆసుపత్రిలో, మసకగదిలో, ఎడమపక్కకి తిరిగి పడుకున్నప్పుడు.

అక్కడిదాకా తీసుకెళ్ళింది మెట్లు. డాబా మీద ఆరెయ్యాల్సిన తడిబట్టల బకెట్టు పట్టుకుని ఎక్కుతూ, సగంలో ఊపిరందక ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. ఎంతకీ దిగిరాకపోయేసరికి మోకాళ్ళ నెప్పులతో ఆ మెట్లెక్కని అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చి చూసింది. చెమటతో తడిసిన కోడలి మొహం చూసి కిందికి కేకేసింది. "ఒరేయ్, నువ్వు ఆ మోటార్లు అవతల పెట్టి ముందు దీన్ని చూపించు. ఇది ఒళ్ళు బరువెక్కిన ఆయాసం కాదురా."

"ఎండాకాలం వచ్చే ముందా?" అని ఆయన గొణిగాడు గానీ, తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళాడనే చెప్పుకోవాలి. స్కూటరు మెల్లగా నడిపాడు కూడా.

గుండెని తెర మీద చూసే గది అది. డాక్టరమ్మ ఆమె వయసుదే, కాస్త నెరిసిన జుట్టు. చల్లటి జిగురు పూసి, చేతిలో పరికరాన్ని పక్కటెముకల మధ్య ఆనించి, తెర వంక చూసింది. భర్త అంతకుముందే ఫోను మోగితే బయటికి వెళ్ళాడు. ఎవరిదో మోటారు కాలిపోయిందిట.

డాక్టరమ్మ అప్పుడొక పని చేసింది. తెరని ఆమె వైపు తిప్పింది.

"చూస్తారా? మీదే."

ఆమె చూసింది. బూడిదరంగు మసకలో ఏదో బిగుసుకుంటోంది, వదులవుతోంది, మళ్ళీ బిగుసుకుంటోంది. ఎవరూ చెప్పకుండా, ఎవరూ చూడకుండా, ఆమె పుట్టకముందునించీ అదే పనిలో ఉన్నది. పలకరించాలనిపించింది గానీ ఏమని పలకరించాలో తెలియలేదు.

"ఈ నల్లటిది లోపలి గది, రక్తం నిండే చోటు. చుట్టూ ఈ పట్టీ ఉంది చూశారా, అది గోడ. మీ గోడ మందమైందమ్మా."

"అంటే బలంగా ఉన్నట్టాండీ?"

"అందరూ అలాగే అనుకుంటారు. మీకు బీపీ ఎన్నాళ్ళుగా ఉంది?"

"ఎప్పుడూ చూపించుకోలేదండీ."

"అదీ సంగతి. ఎన్నేళ్ళనించో ఉండుంటుంది. ఎదురుగా ఒత్తిడి ఎక్కువైతే దాని మీద తోసి తోసి గుండె కండపడుతుంది, రోజూ బరువులు మోసే చెయ్యి కండపడ్డట్టే. గోడ మందమైతే ఒక్కో కండపోగు మీద పడే బరువు తగ్గుతుంది, అందుకని అలా చేసుకుంది. తప్పేం చెయ్యలేదు. ఇన్నాళ్ళూ మిమ్మల్ని కాపాడింది."

"మరి ఈ ఆయాసం?"

"చెయ్యి కండపడితే బయటికి పెరుగుతుంది. ఇక్కడ గోడ లోపలికి పెరిగి జాగా తగ్గిపోయింది. పైగా మందపు గోడ తొందరగా సాగదు. బిగిసి తొయ్యడంలో మీ గుండె దిట్టే. మళ్ళీ వదులై నింపుకోవడం దగ్గరే దానికి కష్టంగా ఉంది. సరిగ్గా నిండకపోతే ఒత్తిడంతా వెనక్కి, ఊపిరితిత్తుల మీదికి పోతుంది. మెట్లెక్కితే ఆయాసం అందుకే."

"వదులవ్వడం కష్టమేంటండీ? ఊరికే ఉండటమేగా?"

డాక్టరమ్మ పరికరాన్ని కొంచెం పక్కకి జరిపి నవ్వింది. "ఊరికే ఉండటం కాదమ్మా. గుండెకి అది కూడా పనే. బిగియడానికి ఎంత శక్తి కావాలో వదులవ్వడానికీ కావాలి. ఆ సమయం దానికి ఇవ్వాలి."

ఆ మాట ఆమె చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. కూర్చోవడం పనికాదని, పడుకోవడం అసలే కాదని, ఆడది పగటిపూట నడుం వాలిస్తే ఇంటికి అరిష్టమని విని పెరిగిన మనిషి. టీ తాగేటప్పుడు కూడా ఏ బియ్యమో ముందేసుకుని ఏరుతూ తాగేది. ఇప్పుడు కోటు వేసుకున్న ఒక మనిషి, చదువుకున్న మనిషి, వదులవ్వడం కూడా పనేనని చెబుతోంది.

"పంపింగ్ అరవై ఎనిమిది శాతం వచ్చింది," అంది డాక్టరమ్మ. "అంకె బాగుంది. కానీ గదిలో ఉన్నదాంట్లో ఎంతపాళ్ళు బయటికి పోయిందో అది చెప్తుంది గానీ, గదిలోకి అసలెంత వచ్చిందో చెప్పదు. ఇంకోటి చూడండి. నిలువునా ఉండే ఈ పోగులు లాగాల్సినంత లాగటం లేదు. అలిసిపోయాయి. గోడ మందంగా ఉండబట్టి ఆ లోటు పైకి తెలియట్లేదు, అంతే."

"పోగులు అలిసిపోయినా అంకె తగ్గలేదా అండీ?"

"తగ్గలేదు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గట్టిగా నొక్కానేమోననుకుని డాక్టరమ్మ చెయ్యి తీసింది. "నొప్పిగా ఉందా?" "లేదండీ," అంది ఆమె. నొప్పి కాదు మరి. తన సొంత సంగతే తెర మీద చూస్తే వచ్చిన నీళ్ళు. జ్వరమొచ్చిన రోజున కూడా వేళకి వంటైంది. తల్లి పోయి తిరిగొచ్చిన మర్నాడే కిటికీలోంచి చుట్టిన మోటారు బయటికెళ్ళింది. ఏ రోజూ ఆ ఇంట్లో అంకె తగ్గలేదు. తగ్గలేదు కాబట్టి లోపల ఏ పోగు అలిసిందో ఎవరికీ తెలియలేదు, వాళ్ళకి తెలియకపోతే పోయింది, ఆమెకే తెలియలేదు. ఆ మసక తెర మీద మాత్రం ఒకటి తన కోసం మందమై, తన కోసం అలిసి, మాట రాకుండా కొట్టుకుంటూ ఉంది. "నీ రుణం తీర్చుకోలేనమ్మా," అనుకుంది, ఎవరో పెద్దావిడతో అన్నట్టు. కన్నతల్లి తర్వాత ఇంత చాకిరీ తనకెవరూ చెయ్యలేదు.

డాక్టరమ్మ మందులు రాసింది. ఉప్పు తగ్గించమంది, రోజూ నడవమంది, మధ్యాహ్నం ఒక గంట కాళ్ళు చాపుకుని పడుకోమంది, ఊపిరి బిగబట్టి బరువులెత్తొద్దంది. ఆ చివరి మాటకి ఆమె తన ఒళ్ళోకి వచ్చే స్టేటర్లని తలుచుకుంది. "ఇప్పుడైతే గోడని చాలావరకు వెనక్కి పల్చన చేసుకోవచ్చు. ఆలస్యమైతే పోగుల మధ్య మచ్చకట్టి గట్టిపడిపోతుంది, అప్పుడు నేను కూడా పెద్దగా ఏమీ చెయ్యలేను. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూస్తాను." భర్తని లోపలికి పిలిచి ఆయనకీ చెప్పడం మొదలుపెట్టింది. పంపింగు అంకె దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం చాటంతయింది. గోడ దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది.

ఇంటికొచ్చాక ఆమె చెప్పిచూసింది. "గుండె గోడ మందమైందటండీ. నిండడానికి జాగా చాలట్లేదట."

"మందమైతే మంచిదే కదే," అన్నాడాయన, చొక్కా విప్పుతూ. "మందపు కాస్టింగు బాడీ ఎప్పుడైనా పగలడం చూశావా? ఈ మధ్యొస్తున్నాయి చూడు రేకు బాడీలు, తట్టితే సొట్ట. మనది పాతకాలం బాడీ. నీకేం, గుండ్రాయిలా ఉన్నావు."

పెరటిచెట్టు మందుకి పనికిరాదంటారు. పెళ్ళాం నోట్లోంచి వచ్చిన డాక్టరు మాట కూడా అలాంటిదే. ఆయన చెడ్డవాడైతే ఆమెకి పోట్లాడటం తేలికయ్యేది. మందులు అయిపోకముందే తెచ్చిపెట్టేవాడు, వేసుకున్నావా అని అడిగేవాడు. ఉప్పు తగ్గిన కూరని వంక పెట్టకుండా తిన్నాడు. ఆయనకి తెలిసిన లోకంలో పంపంటే పంపే, అంకె వచ్చింది, అనుమానం తీరిపోయింది.

ఎండలు ముదిరాయి. బావులు అడుగంటిన కొద్దీ మోటార్లు కాలిపోవడం మొదలైంది, కిటికీకి తీరిక లేదు. మధ్యాహ్నం పన్లు ముగించి ఆమె దిండు సర్దుకుంటూంటే కిటికీ మీద చప్పుడయ్యేది.

"పడుకో, పడుకో. డాక్టరు చెప్పిందిగా. ఇదొక్కటి ఇచ్చేసి పడుకో."

అదొక్కటి అయ్యేలోపు ఇంకొకటి వచ్చేది. అది కూడా ఒక్కటే. ఆయన అబద్ధం చెప్పలేదు, ఎప్పుడూ ఒక్కోటే ఇచ్చాడు. రాత్రిళ్ళు ఆమెకి ఒక దిండు చాలక రెండు కావలసి వచ్చాయి. మందులు వేసుకుంటూనే ఉంది, మెట్ల దగ్గర ఆయాసం అలాగే ఉంది. ఆరు నెలల్లో ఎన్ని వారాలు అప్పుడే కరిగిపోయాయో తలుచుకుంటే, గోడ గట్టిపడిపోతుందన్న మాట గుర్తొచ్చి భయమేసేది. పోనీ గట్టిగా అడుగుదామంటే, ఇంత బాగా చూసుకుంటున్న మనిషిని ఇంకా ఏమడగాలన్న సంకోచం అడ్డుపడేది. చిన్నప్పటినించి అందరూ నేర్పిన కృతజ్ఞత అది.

అలాంటి ఒక మధ్యాహ్నం మొక్కల నర్సరీ ఆయన కొట్టుకి వచ్చాడు. కోపంగా వచ్చాడు. బావిలో దింపే మోటారు, చుట్టించుకెళ్ళి పది రోజులు కాలేదు, మళ్ళీ కాలిపోయింది.

"ఏం వైండింగండీ ఇది? మొక్కలన్నీ ఎండిపోతున్నాయి నాకు."

లోపల ఆమె చేతులు ఆగిపోయాయి. తన చేతి పని అది. ఎక్కడ తీగ గీసుకుపోయిందో, ఎక్కడ దాని కింద పరిచిన కాగితం జారిందో అని ఆమె మనసు గాళ్ళన్నీ వెతికేసుకుంది. కిటికీ సందులోంచి చూసింది. భర్త మోటారు విప్పి, నల్లబడ్డ చుట్టల మీద బొటనవేలు రాసి, వాసన చూశాడు. కోప్పడలేదు. స్టూలు లాగి నర్సరీ ఆయన్ని కూర్చోబెట్టాడు.

"మీరు తీసుకెళ్ళేరోజు ఇక్కడ తొట్టిలో పెట్టి చూపించాను గుర్తుందా? నీళ్ళు అవతలి గోడకి వెళ్ళి కొట్టాయి."

"కొట్టాయి. అందుకేగా నమ్మి తీసుకెళ్ళాను."

"వైండింగు తప్పు కాదండీ ఇది. చుట్టిన చెయ్యి మంచిది, అది నాకు తెలుసు." ఆ మాటకి లోపల ఆమె చెవులు నిక్కబొడుచుకున్నాయి. "మీ బావిలో నీళ్ళెంతున్నాయి?"

"ఉన్నాయి, కొంచెం. ఊరుతుంటాయి."

"మీరేమో పొద్దున స్విచ్చేసి సాయంత్రం దాకా ఆపరు. అవునా? తోడే బలం ఉంది కదాని తోడిస్తూ పోతే ఎలాగండీ? లోపలికి వచ్చేది కూడా చూసుకోవాలి. అది తోడలేక కాదు, నీళ్ళు అందక కాలిపోయింది. తిరుగుతూనే ఉంటుంది పాపం, మీకు చప్పుడు బాగానే వినపడుతుంది, బాగుందనుకుంటారు. లోపల కాలిపోతుంటుంది."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"ఒక గంట ఆడించండి, ఆపెయ్యండి. బావి ఊరనివ్వండి. ఆపిన టైము వేస్టు అనుకోకండి, అప్పుడే కదా మీకు నీళ్ళొచ్చేది. ఊరాక మళ్ళీ వెయ్యండి. పదేళ్ళు పనిచేస్తుంది, నాదీ పూచీ." ఆయన చేత్తో మోటారు బాడీని నిమిరాడు. "నోరు లేనిది కదండీ. మనమే కనిపెట్టుకుని ఉండాలి."

ఆమె స్టేటరుని ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. డాక్టరమ్మ చెప్పిందే ఇది, ఒక్క ముక్క తేడా లేదు. ఆయనకి తెలియదనుకుని ఇన్ని వారాలు ఎలా చెప్పాలా అని మథనపడింది. ఆయనకి తెలుసు. తనకంటే, బహుశా డాక్టరమ్మకంటే కూడా బాగా తెలుసు. ఎంత ఓపిగ్గా చెప్పాడో, ఎంత జాలిగా ఆ ఇనుముని నిమిరాడో. ఒక్క క్షణం ఆమెకి ఒళ్ళుమండింది. పరాయివాడి మోటారు మీద ఉన్న ఆ చెయ్యి ఇన్నేళ్ళలో ఒక్కసారి తన వీపు మీద అలా పడి ఉంటే అనిపించింది. ఆ మంట నిలబడలేదు. దాని వెనకే వచ్చింది కృతజ్ఞత, ఎవరూ నేర్పనిది, సొంతంగా ఊరినది. తను అడగలేక చస్తున్న మాటని ఆయనే, తన నోటితోనే, పదిమంది తిరిగే కొట్లో చెప్పేశాడు. ఇంక ఆమె అడగాల్సింది ఏమీ మిగల్లేదు.

సగం చుట్టిన స్టేటరుని రెండు చేతులా నేల మీద పెట్టింది. ఎత్తలేదు, పక్కకి దొర్లించింది. కత్తెర, వెదురు పుల్ల, కాగితం ముక్కలు పళ్ళెంలో సర్దింది. లేచి వెళ్ళి కిటికీ చెక్కతలుపులు రెండూ మూసి గడియ పెట్టింది. ఆ గడియ వాడి ఎన్నాళ్ళయిందో, తుప్పు పట్టి కిర్రుమంది. దిండు వేసుకుని, కిటికీ కిందే, చాప మీద కాళ్ళు చాపుకుని పడుకుంది. పగలు, నడిమధ్యాహ్నం, కొట్లో జనం ఉండగా.

పక్కగదిలో మంచం మీదున్న అత్తగారికి అంతా వినపడుతూనే ఉంది. ఆ కిటికీ చప్పుళ్ళే ఆవిడకి గడియారం. వేళకాని వేళ గడియ పడేసరికి లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె లేవబోయింది. అదేం పాడు అలవాటో, పెద్దవాళ్ళ నీడ పడితే చాలు నడుం దానంతటదే లేస్తుంది.

"పడుకో," అంది అత్తగారు.

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా చాప మీదికి దిగి, ఆమె పక్కన కూర్చుంది. కాసేపు గోడకేసి చూసింది.

"ఆ గోడ అన్నావే, మందమైందని. మళ్ళీ పల్చబడుతుందా?"

"పడుతుందట అత్తయ్యా. మందులేసుకుని, దానికి కాస్త తీరిక ఇస్తే."

"నాకూ ఉండేది ఆయాసం. నీ వయసులోనే. బకెట్టు కింద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి ఎక్కేదాన్ని. చెప్తే మీ మావగారు నవ్వేవారు, తిండి తగ్గించమనేవారు." అత్తగారు చిటికెడు నవ్వు కూడా నవ్వలేదు. "ఇప్పటికీ పడుకుంటే ఊపిరాడదు. నిన్ను మెట్ల మీద చూసినప్పుడు, నన్ను నేను చూసుకున్నట్టయింది. అందుకే వాణ్ణి కేకేశాను."

అత్తగారు ఎందుకు దిండు మీద దిండు పెట్టుకుని కూర్చున్నట్టే పడుకుంటుందో ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. ఆ దిండ్ల గలీబులు ఉతికింది తనే, ఎండేసింది తనే. ఈవిడ లోపల కూడా ఒక గోడ ఉంది, ఎవరూ చూడకుండానే ఎంతెంత మందమైందో. ఆ గోడతోనే ఆవిడ మోకాళ్ళీడ్చుకుంటూ తన కోసం మెట్లెక్కి వచ్చింది.

"మళ్ళీ వెళ్ళినప్పుడు మిమ్మల్ని కూడా తీసుకెళ్తాను. ఆ డాక్టరమ్మ మనకి తెర చూపిస్తుంది. మన గుండె మనకి కనిపిస్తుంది అత్తయ్యా."

"ఈ వయసులో నాకెందుకే?"

"చూద్దురుగాని. ఒకసారి పలకరించి వద్దాం."

అత్తగారు చాప మీద కొంచెం జరిగి, చోటు చూసుకుని, గోడకి వీపు ఆనించి కాళ్ళు చాపుకుంది. ఇద్దరు ఆడవాళ్ళు పగటిపూట కాళ్ళు చాపుకుని ఉండటం ఆ గది ఎరగదు. ఆమె అరచెయ్యి గుండెమీద పెట్టుకుంది. బిగుస్తోంది, వదులవుతోంది. వదులయ్యేచోట ఇంకాస్తసేపు ఆగినట్టు అనిపించింది, నిజమో భ్రమో. నిండవే తల్లీ, తొందర లేదు, అనుకుంది. నువ్వు చేసిన చాకిరీ నేను చూశాను.

కిటికీ మీద చప్పుడైంది. తలుపు తెరుచుకోకపోయేసరికి మళ్ళీ అయింది.

"ఏమేవ్, అయిందా? ఇక్కడ మనిషి నిలబడి ఉన్నాడు."

ఆమె పడుకునే ఉంది. గొంతు పెంచాల్సిన పని కూడా లేకపోయింది, కిటికీ నెత్తిమీదే ఉంది.

"అవలేదండీ. ఊరుతోంది."

"ఊరడమేంటి? ఏది ఊరేది?"

ఆమె నోరు తెరిచేలోపే, గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్న అత్తగారు ఆ కళ్ళు తెరవకుండానే అంది. "బావిరా. నువ్వే కదా ఇందాక ఆయనకి చెప్పావు, నోరు లేనిది, మనమే కనిపెట్టుకుని ఉండాలని. ఇద్దరం ఉన్నాం ఇక్కడ. ఊరనివ్వు."

ఆయన అక్కడే నిలబడి ఉన్నాడని చెక్కసందులో నీడ చెప్తోంది. ఆ తర్వాత నీడ కదిలింది, స్టూలు జరిపిన చప్పుడైంది.

"రేపు రండి," అంటున్నాడు ఆయన ఎవరితోనో, గొంతు తగ్గించి. "చుట్టేవాళ్ళు పడుకున్నారు."